టవర్‌కి సీఎఫ్‌డీ చేస్తే విండ్ టనెల్ కన్నా లోడ్ బాగా తక్కువ వస్తోంది, తప్పెక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద 180 మీటర్ల ఎత్తు, 25 మీటర్ల వెడల్పుతో చదరపు ప్లాన్ ఉన్న అపార్ట్‌మెంట్ టవర్. మీరు సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) వాడి, సగటు ప్రవాహాన్నే ఇచ్చే కె-ఎప్సిలాన్ మోడల్‌తో, గంట సగటు గాలి వేగాన్ని ఇన్‌లెట్‌లో (గాలి లోపలికి వచ్చే అంచు) ఇచ్చి రన్ చేశారు. గాలి వీచే దిశలో బేస్ మూమెంట్ (టవర్‌ని అడుగు దగ్గర వంచే ప్రభావం) విండ్ టనెల్ (చిన్న నమూనా మీద గాలి వదిలి కొలిచే సొరంగం) రిపోర్టులో ఉన్నదాంట్లో సగం కూడా రాలేదు. దానికి అడ్డదిశలో అయితే దాదాపు సున్నా. విసుగొచ్చి గాలి లోడ్ కోడ్‌లోని సెకనుకు 50 మీటర్లు పెట్టి చూస్తే గాలి దిశలో మాత్రం దగ్గరికి వచ్చింది. మీ సీనియర్ "సరిపోయిందిగా, అదే రిపోర్టులో పెట్టేయ్" అన్నారు. మీకు మనసొప్పక ఇక్కడ అడిగారు. ఇన్‌లెట్‌లో టర్బులెన్స్ (గాలి ఊగిసలాట) ఎలా ఇవ్వాలి, అసలు టనెల్ మానేసి సీఎఫ్‌డీతో సరిపెట్టుకోవచ్చా అన్నవి మిగతా రెండు ప్రశ్నలు. సీనియర్‌కి ఎలా చెప్పాలన్నది చివరిది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

మీ మోడల్ తప్పు లెక్క చేయలేదు. మీరు అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది. మీరడిగింది సగటు గాలి, అది ఇచ్చింది సగటు లోడ్. టనెల్ ఇచ్చింది గాలి ఊగిసలాటకు భవనం కూడా ఊగినప్పుడు వచ్చే గరిష్ఠ లోడ్. 50 పెట్టినప్పుడు దగ్గరికి రావడం కాకతాళీయం, దాన్ని రిపోర్టులో పెట్టకండి. కాలంతోపాటు మారే గాలి కావాలి, అంటే ఎల్‌ఈఎస్ (పెద్ద సుళ్లని నేరుగా లెక్కించే సీఎఫ్‌డీ) లాంటి పద్ధతి కావాలి. ఆ గాలి భవనం దాకా చచ్చిపోకుండా చేరుతోందో లేదో భవనం తీసేసి, ఖాళీ డొమైన్‌లో (కంప్యూటర్‌లో లెక్కించే గాలి ప్రదేశం) ముందు చూసుకోవాలి. టనెల్ మానేయడం గురించి: ఈ టవర్‌కి వద్దు.

ఇక కారణాలు. నేను ఈ గాలి పనిలో 20 ఏళ్లు దాటాను, మొదట బెంగళూరులో, తర్వాత చెన్నైలో. కాబట్టి కొంచెం సాగుతుంది, ఓపిక పట్టండి.

తిరువాన్మియూర్‌లో మేముండే ఇంటి డాబా మీద నుంచి సముద్రం కనిపిస్తుంది. సాయంత్రం గాలి మళ్లాక తీగ మీద ఆరేసిన చీరని ఓ పావుగంట గమనించండి. చిన్న చిన్న విసుర్లు వచ్చినప్పుడు కొంగు ఒక్కటే టపటపా కొట్టుకుంటుంది, మిగతా చీర కదలదు. క్లిప్పులకేమీ కాదు. ఉన్నట్టుండి ఒక పెద్ద విసురు వచ్చి చీర మొత్తాన్ని ఒకేసారి తెరచాపలా నింపుతుంది. అప్పుడు ఎగురుతుంది క్లిప్పు. గాలి వేగం రెండుసార్లూ ఒక్కటే కావచ్చు. తేడా అంతా ఆ విసురు ఎంత మేర ఒకేసారి తగిలింది అన్నదాంట్లో ఉంది. మా అత్తగారు అయిదు గజాల తేడాలో రెండు తీగలు కట్టించారు. ఒకదాని మీద బట్టలు ఎగురుతుంటే రెండోది చాలాసార్లు ప్రశాంతంగా ఉంటుంది. మీ టవర్ పరిస్థితీ ఇంతే. పైన 40వ అంతస్తులో తగిలిన విసురు అదే క్షణంలో 20వ అంతస్తులో ఉండదు.

అంటే గాలిని తయారు చేయాలంటే మూడు విషయాలు కావాలి: సగటు వేగం ఎత్తుతోపాటు ఎలా పెరుగుతుంది, ఎంత త్వరగా వచ్చిపోయే ఊగిసలాటలో ఎంత శక్తి ఉంది (స్పెక్ట్రమ్), ఒక చోటి ఊగిసలాటకు మరో చోటి ఊగిసలాటకు ఎంత పొత్తు ఉంది (కోహెరెన్స్). మీరు 50 పెట్టినప్పుడు మొదటిది తప్ప మిగతా రెండూ గంగలో కలిశాయి.

ఆ 50 ఏమిటో ఒకసారి చూద్దాం, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే ఉంటాయి. మన గాలి లోడ్ కోడ్ ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రకారం చెన్నైకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకి 33. ఇది సగటు గాలి కాదు. బయలు ప్రదేశంలో, 10 మీటర్ల ఎత్తులో, 3 సెకన్ల గస్ట్ (3 సెకన్ల సగటుతో కొలిచిన విసురు). అదే కోడ్‌లో గంట సగటుకి మార్చే సూత్రం ఉంది. రెండో రకం భూతలానికి (బయలు ప్రదేశం) 10 మీటర్ల దగ్గర ఆ గుణకం సుమారు 0.67 వస్తుంది. అంటే చెన్నైకి గంట సగటు 33.5. ఒత్తిడి అనేది వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 50ని 33.5తో భాగించి వర్గం చేస్తే 2.2 పైన వస్తుంది. మీకు లోడ్ సగం కూడా రాకపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు.

మరి 50 పెడితే ఎందుకు సరిపోయింది? 3 సెకన్ల గస్ట్ అంటే సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే సుమారు 150 మీటర్ల పొడవున్న గాలి ముక్క. దాని ఎత్తు, అడ్డం అంతకంటే చాలా చిన్నవి. అది 180 మీటర్ల టవర్ మొత్తాన్ని ఒకేసారి కప్పదు. 50 ప్రొఫైల్ (ఎత్తుతో వేగం మారే తీరు) పెట్టి రన్ చేస్తే కప్పినట్టే లెక్క, అక్కడ లోడ్ ఎక్కువైంది. మరోపక్క టవర్ తన సహజ ఫ్రీక్వెన్సీలో (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) ఊగడం వల్ల వచ్చే రెజొనెన్స్ భాగం లెక్కలోకే రాలేదు, అక్కడ తక్కువైంది. ఒక తప్పు ఇంకో తప్పుకి చెల్లు. వేరే టవర్ అయితే ఈ చెల్లు కుదరదు. అడ్డదిశలో మీకు ఇప్పటికీ సున్నాయే వస్తోంది కదా, అదే సాక్ష్యం.

చిన్న పిడకల వేట. తుఫాను వార్తల్లో వచ్చే వేగాన్ని ఈ 50తో పోల్చేవాళ్లు ఎక్కువ. 2016 డిసెంబర్ 12న వర్ధా చెన్నైని తాకినప్పుడు గంటకు 110, 120 కిలోమీటర్లు అన్నారు, కోడ్ 180 కిలోమీటర్లకి డిజైన్ చేయమంటోంది, కాబట్టి బోలెడు మార్జిన్ ఉంది అని. వాతావరణ శాఖ తుఫాను బలాన్ని 3 నిమిషాల సగటుతో చెబుతుంది, గస్టులు దానికి పైన ఉంటాయి. 3 నిమిషాలకి, 3 సెకన్లకి తేడా తెలియకుండా పోలిస్తే కిలోకి, శేరుకి లెక్క కలిపినట్టే.

ఈ సగటు కాలం గొడవ వల్ల ఎంత నష్టం జరుగుతుందో చూడాలంటే ఫెర్రీబ్రిడ్జ్ గురించి చదవాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారం ఇదే చెబుతాను. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో బొగ్గు విద్యుత్ కేంద్రం. ఎనిమిది కూలింగ్ టవర్లు, ఒక్కొక్కటి 114 మీటర్లు, రెండు వరసల్లో. 1965 నవంబర్ 1న పెద్ద గాలికి మూడు కూలిపోయాయి. కూలినవి గాలికి ఎదురుగా ఉన్న వరసలోవి కావు, వాటి వెనక వరసలోవి. ముందువాటి చాటున భద్రంగా ఉండాల్సినవి.

విచారణలో తేలినవి ముఖ్యంగా రెండు. డిజైన్‌లో వాడిన వేగం నిమిషం సగటు, గస్ట్ కాదు. టనెల్ పరీక్ష చేసింది ఒంటరి టవర్ మీద, గుంపు మీద కాదు. ముందు వరస టవర్ల సందుల్లోంచి దూసుకొచ్చిన గాలి, వాటి వెనక పుట్టిన సుళ్లు వెనక వరసని కొట్టాయి.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది, చాలామంది దాటేస్తారు. కూలింగ్ టవర్ పెంకుకి గాలి తగిలే వైపున నిలువుగా సాగదీత వస్తుంది, స్వంత బరువు దాన్ని నొక్కి పెడుతుంది. స్టీలు మోయాల్సింది ఈ రెండింటి తేడాని మాత్రమే. ఊహకి కొన్ని అంకెలు తీసుకోండి: బరువు 100 నొక్కుతోంది, గాలి 120 లాగుతోంది, మిగిలేది 20. గాలి లోడ్ 20 శాతం పెరిగితే 144, మిగిలేది 44. గాలిలో అయిదో వంతు పొరపాటు, స్టీల్లో రెట్టింపు కంటే ఎక్కువ. మీ టవర్‌లో కోర్ వాల్ (లిఫ్టుల చుట్టూ ఉండే గోడ), రాఫ్ట్ (పునాది పలక) అంచున వచ్చే పైకి లాగే బలం సరిగ్గా ఇలాంటి తేడా లెక్కలే. అందుకే "పది, ఇరవై శాతం అటూ ఇటూ అయితే ఏముంది, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఉందిగా" అనే మాట గాలి దగ్గర నాకు రుచించదు.

సరే, గాలిని తయారు చేయడం. దీనికి రెండు దారులున్నాయి. ఏ దారి అన్నది నిర్మాణాన్ని బట్టి.

మొదటిది, సీఎఫ్‌డీ లేకుండానే గాలి వేగాల రికార్డులు పుట్టించడం. స్పెక్ట్రమ్ తీసుకుంటారు (కాయ్‌మల్‌ది, వాన్ కార్మాన్‌ది, డావెన్‌పోర్ట్‌ది ఎక్కువగా వాడతారు), దాన్ని చిన్న చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో కొసైన్ తరంగం, దానికి యాదృచ్ఛికంగా ఒక ఫేజ్ (తరంగం ఎక్కడ మొదలవుతుందో) ఇచ్చి అన్నీ కలుపుతారు. 1970ల మొదట్లో ఇంజనీర్ షినోజుకా దీన్ని స్థిరపరిచాడు. ఒకే చోట కాకుండా టవర్ మీద 20, 30 చోట్ల కావాలంటే ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర క్రాస్-స్పెక్ట్రమ్ మాత్రికని (చోట్ల మధ్య పొత్తులు రాసిన పట్టిక) చోలెస్కీ అనే గణిత పద్ధతిలో విడగొట్టి పొత్తు కలపాలి. 1988లో వీర్స్ అనే ఇంజనీర్ గాలిమరల కోసం ఇదే చేశాడు, ఇప్పుడు ఉచితంగా దొరికే టర్బ్‌సిమ్ సాఫ్ట్‌వేర్ దీని మీదే నడుస్తుంది.

పొత్తు ఎలా ఉంటుందో మీ టవర్ అంకెల్తోనే చెబుతాను. డావెన్‌పోర్ట్ సూత్రంలో ఫ్రీక్వెన్సీని దూరంతో గుణించి వేగంతో భాగించి, దాన్ని సుమారు 10తో గుణించి ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గిస్తారు. 180 మీటర్ల టవర్‌కి సహజ ఫ్రీక్వెన్సీ 46ని ఎత్తుతో భాగిస్తే వచ్చే ముతక అంచనా 0.26 హెర్ట్జ్ అనుకోండి, గాలి సెకనుకు 40 మీటర్లు. 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య పొత్తు 0.27. 60 మీటర్ల దూరంలో 0.02, అంటే ఒకరికొకరు పరాయివాళ్లు. అదే 100 సెకన్లకొకసారి వచ్చే నెమ్మదైన ఊగిసలాట అయితే 60 మీటర్ల దూరంలో కూడా 0.86. అచ్చం డాబా మీది చీరే.

ఈ పద్ధతి లాటిస్ టవర్లకి, ట్రాన్స్‌మిషన్ లైన్ టవర్లకి, పొడవైన బ్రిడ్జి డెక్‌ల మీద గాలి దిశలో లోడ్‌కి, గాలిమరలకి చక్కగా సరిపోతుంది. వచ్చే గాలి ఎలా ఊగితే లోడ్ అలా ఊగుతుంది అనుకోవచ్చు కాబట్టి. దీంట్లో రెండు గోతులున్నాయి, రెండింట్లోనూ నేను పడ్డాను. ఒకటి, ఫ్రీక్వెన్సీ ముక్కలు సమానంగా కోస్తే, ముక్క వెడల్పుని తిరగేస్తే వచ్చినంత కాలానికి రికార్డు మళ్లీ మొదటికొస్తుంది. ముక్క 0.01 హెర్ట్జ్ అయితే 100 సెకన్లకే రిపీట్. 10 నిమిషాల రికార్డు అనుకుని ఒకే పాటని ఆరుసార్లు విన్నట్టు. గ్రాఫ్ చూస్తే బాగానే ఉంటుంది, అదే ప్రమాదం. రెండోది, ఒక్క రికార్డుతో తేల్చేయడం. దీనికి మళ్లీ వస్తాను.

కానీ మీ టవర్‌కి ఈ దారి ఒక్కటే సరిపోదు. కారణం అడ్డదిశ. చదరపు టవర్‌కి గాలి తగిలినప్పుడు దాని రెండు పక్కల నుంచి సుళ్లు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి విడిపోతుంటాయి. ఈ ఊపు వచ్చే గాలిలో లేదు, భవనమే పుట్టించుకుంటుంది. ఎంత మంచి స్పెక్ట్రమ్‌తో గాలిని తయారు చేసినా అందులో ఇది ఉండదు. చదరపు ఆకారానికి స్ట్రోహల్ సంఖ్య (సుళ్లు ఎంత తరచుగా విడిపోతాయో చెప్పే అంకె) సుమారు 0.12. మీ ఫ్రీక్వెన్సీ 0.26ని వెడల్పు 25తో గుణించి 0.12తో భాగిస్తే 54 వస్తుంది. అంటే పైభాగంలో సగటు గాలి సెకనుకు 54 మీటర్లు ఉంటే సుళ్ల తాళం, టవర్ తాళం కలుస్తాయి. మూడో రకం భూతలంలో (ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న ప్రదేశం) 180 మీటర్ల ఎత్తున చెన్నైకి గంట సగటు సుమారు 43. ఆ 54కి పదింట ఎనిమిది వంతుల దాకా వచ్చేశారు. సుళ్ల స్పెక్ట్రమ్ సూదిమొనలా ఉండదు, కొండలా వెడల్పుగా ఉంటుంది, కాబట్టి ఆ కొండ ఏటవాలు మీద మీరు ఇప్పటికే ఎక్కి ఉన్నారు. ఇలాంటి టవర్లలో అడ్డదిశ లోడ్ గాలి దిశ లోడ్‌ని దాటిపోవడం మామూలే.

ఇదే టవర్‌ని బెంగళూరులో కడితే పైన సగటు 28, 29 మాత్రమే. కొండకి చాలా దూరం. బెంగళూరు నుంచి బదిలీ అయి వచ్చిన ఇంజనీర్లు "అక్కడ ఇదే డిజైన్ నడిచింది, లోడ్‌ని 50, 33 నిష్పత్తి వర్గంతో, అంటే 2.3తో గుణించేద్దాం" అంటారు. గాలి దిశలో దానికి కొంత అర్థం ఉంది. అడ్డదిశలో లేదు, అక్కడ పెరుగుదల వర్గం కంటే నిటారుగా ఉంటుంది.

అందుకని రెండో దారి: ఎల్‌ఈఎస్. పెద్ద సుళ్లని నేరుగా లెక్కించి, మెష్‌లో (డొమైన్‌ని చిన్న చిన్న సెల్స్‌గా కోసిన వల) పట్టని చిన్నవాటిని మాత్రం మోడల్‌కి వదిలేయడం. ఇక్కడే మీ ఇన్‌లెట్ ప్రశ్న.

ఇక నా పరువు తీసే కథ. బెంగళూరులో పనిచేసే రోజుల్లో ఒక టవర్‌కి ఎల్‌ఈఎస్ చేశాను. ఇన్‌లెట్‌లో సగటు ప్రొఫైల్ ఇచ్చి, దాని మీద ప్రతి సెల్‌కి విడివిడిగా యాదృచ్ఛిక ఊగిసలాట కలిపాను. టర్బులెన్స్ ఇంటెన్సిటీ (సగటు వేగంలో ఊగిసలాట ఎంత శాతమో) 18 శాతం సరిగ్గా ఉండేలా చూసుకున్నాను. కంప్యూటర్ల క్లస్టర్ మీద 11 రోజులు నడిచింది. లోడ్ కోడ్ కన్నా బాగా తక్కువ వచ్చింది. క్లయింటుకి స్టీలు మిగులుతుందన్న ఉత్సాహంలో మధ్యంతర ఫలితాలు మెయిల్ కూడా చేశాను. మా పెద్దాయన గ్రాఫులు తిరగేసి ఒక్కటే అడిగారు: "భవనం తీసేసి చూశావా?" చూడలేదు. ఆ రాత్రే ఖాళీ డొమైన్‌లో రన్ పెట్టాను. ఇన్‌లెట్ దగ్గర 18 శాతం ఉన్న ఇంటెన్సిటీ భవనం ఉండాల్సిన చోట 4 శాతం ఉంది. నేను 11 రోజులు దాదాపు నున్నటి గాలిలో భవనాన్ని నిలబెట్టాను. పొద్దున్నే క్లయింటుకి "నిన్నటి అంకెలు వాడకండి" అని ఇంకో మెయిల్ రాయాల్సి వచ్చింది. ఆ మెయిల్ రాయడానికి పట్టినంత సేపు ఆ రన్ సెటప్ చేయడానికి పట్టలేదు.

ఎందుకు చచ్చిపోయింది? పక్కపక్క సెల్స్ మధ్య పొత్తు లేని ఊగిసలాట నిజమైన సుడి కాదు, కేవలం ఇసుక చల్లినట్టు. దాని శక్తి అంతా మెష్ సైజులోనే ఉంటుంది, సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) దాన్ని నాలుగడుగుల్లో నలిపేస్తుంది. పైగా లోపలికి వచ్చిన ద్రవ్యం, బయటికి పోయిన ద్రవ్యం సెల్ సెల్‌కీ సరిపోవాలన్న నియమాన్ని అది పాటించదు. దాన్ని సరిచేయడానికి సాల్వర్ ఒత్తిడిలో కృత్రిమమైన కుదుపులు పుట్టిస్తుంది. అవి భవనం ముఖం మీది ఒత్తిడిలో కూడా కనిపిస్తాయి. కిటికీ అద్దాల లోడ్ తీసేటప్పుడు ఇది ప్రాణం తీస్తుంది.

కాబట్టి ఇన్‌లెట్‌కి మీకున్న మార్గాలు, నా ఇష్టం వరసలో:

టనెల్‌ని అనుకరించండి. బౌండరీ లేయర్ టనెల్‌లో (నేల దగ్గరి గాలిని అనుకరించే టనెల్) మోడల్‌కి ముందు స్తంభాల్లాంటి స్పైర్‌లు, నేల మీద వరసగా చెక్క దిమ్మెలు ఉంటాయి. కంప్యూటర్‌లో కూడా అవే దిమ్మెలు పెట్టి గాలిని వాటి మీదుగా నడిపిస్తే టర్బులెన్స్ దానంతట అదే పుడుతుంది, భౌతిక నియమాలు పాటిస్తుంది. ఖర్చు ఎక్కువ. కానీ మీ దగ్గర టనెల్ రిపోర్టు ఉంది కదా, అందులో దిమ్మెల అమరిక ఉంటే పోల్చడానికి ఇంతకు మించింది లేదు.

ముందుగా వేరే డొమైన్‌లో గాలిని పండించి (ప్రికర్సర్ అంటారు), ఆ గాలిని మీ ఇన్‌లెట్‌లో పోయండి. గాలి నాణ్యత బాగుంటుంది, డిస్క్ స్థలం తినేస్తుంది. మీకు కావలసిన ప్రొఫైల్ ఖచ్చితంగా రప్పించడం ఓపికతో కూడిన పని.

డిజిటల్ ఫిల్టర్ లాంటి కృత్రిమ పద్ధతులు. 2003లో క్లైన్, ఆయన సహచరులు ఇచ్చినది చాలా సాల్వర్లలో ఉంది, ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా దొరుకుతుంది. యాదృచ్ఛిక అంకెలకి ఫిల్టర్ వేసి పక్కపక్క చోట్ల మధ్య, ముందు వెనక క్షణాల మధ్య పొత్తు తెప్పిస్తుంది. రోజువారీ పనికి మేము వాడేది ఇదే. ఇక్కడ లెంగ్త్ స్కేల్ (సుడి ఎంత పెద్దదో) అనే అంకె అడుగుతుంది. చాలామంది డీఫాల్ట్ వదిలేస్తారు. వాతావరణంలో గాలి దిశలో ఈ స్కేల్ వంద మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, పది మీటర్లు ఇస్తే కొంగు మాత్రమే ఊగే గాలి వస్తుంది.

ఏది వాడినా మెష్ మర్చిపోకండి. భవనం దగ్గర మెష్ అద్భుతంగా పెట్టి, గాలి వచ్చే దారిలో పెద్ద పెద్ద సెల్స్ పెడతారు, రన్ తొందరగా అవుతుందని. 0.26 హెర్ట్జ్ ఊగిసలాట, సెకనుకు 40 మీటర్ల గాలిలో సుమారు 150 మీటర్ల పొడవుంటుంది. దాన్ని నలగకుండా మోయాలంటే కనీసం పది సెల్స్, అంటే 15 మీటర్ల సెల్. దారిలో 40 మీటర్ల సెల్స్ ఉంటే సరిగ్గా మీ టవర్ ఊగే ఫ్రీక్వెన్సీనే జల్లెడ పట్టి తీసేశారన్నమాట. క్లాడింగ్‌కి (బయటి గాజు పలకల తొడుగు) 1 హెర్ట్జ్, అంతకు పైన కూడా కావాలి కాబట్టి దారిలో 4 మీటర్లు లేదా ఇంకా చిన్న సెల్స్ తప్పవు.

ఖాళీ డొమైన్‌లో ఏం చూడాలి? భవనం రావాల్సిన చోట నిలువుగా పది, పదిహేను ప్రోబ్‌లు (వేగం నమోదు చేసే బిందువులు) పెట్టండి. సగటు ప్రొఫైల్, ఇంటెన్సిటీ ప్రొఫైల్, భవనం ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర స్పెక్ట్రమ్, రెండు ఎత్తుల మధ్య పొత్తు. ఈ నాలుగూ మీ లక్ష్యం దగ్గర ఉంటేనే భవనం పెట్టండి. స్పెక్ట్రమ్ 0.26 దగ్గరికి రాకముందే కొండ చరియలా పడిపోతుంటే మెష్ తప్పు. అన్ని ఫ్రీక్వెన్సీలలో సమానంగా తక్కువ ఉంటే ఇన్‌లెట్ తప్పు. నాలుగింట్లో మూడు సరిపోతే చాలదా అని అడుగుతారు. చాలదు, మా అనుభవంలో ఆ నాలుగోదే తర్వాత కొడుతుంది.

ఇప్పుడు ఒక్క రికార్డు సంగతి. ఆర్‌సీసీ టవర్‌కి డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) 1 శాతం అనుకుంటే, 0.26 హెర్ట్జ్ దగ్గర టవర్‌కి తన పాత ఊపు సుమారు నిమిషం పాటు గుర్తుంటుంది. 10 నిమిషాల రన్ అంటే నిజానికి పది స్వతంత్రమైన శాంపిళ్లే. పది మందిని అడిగి ఎన్నికల ఫలితం చెప్పినట్టు. అందుకే ఆ రికార్డులో కనబడ్డ గరిష్ఠాన్ని నేరుగా తీసుకోకండి. ఆర్ఎంఎస్ (ఊగిసలాట సగటు పరిమాణం) తీసి పీక్ ఫ్యాక్టర్‌తో (గరిష్ఠం దానికి ఎన్ని రెట్లో) గుణించండి. డావెన్‌పోర్ట్ సూత్రంతో ఇది 10 నిమిషాలకి 3.4, గంటకి 3.9 దగ్గర వస్తుంది. ఫేజ్‌ల విత్తనాలు (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే అంకె) మార్చి కనీసం అయిదారు రన్‌లు చేసి వాటి మధ్య ఎంత చెల్లాచెదురు ఉందో రిపోర్టులో రాయండి. ఎల్‌ఈఎస్‌లో అన్ని రన్‌లు కుదరకపోతే ఒకే పొడవైన రన్‌ని ముక్కలు చేయండి. ఈ పీక్ ఫ్యాక్టర్లు మొత్తం భవనం లోడ్‌కి మాత్రమే. మూలల దగ్గర, పైకప్పు అంచున ఒత్తిడి గాసియన్ (గంట ఆకారపు మామూలు పంపిణీ) కాదు, లాగే దిశలో చాలా పదునైన శిఖరాలు వస్తాయి. అక్కడ 3.5 పెట్టిన గాజు పలక ఏదో ఒక నవంబర్‌లో కింద పార్కింగ్‌లో దొరుకుతుంది.

టనెల్ మానేయొచ్చా అన్నదానికి వద్దు అన్నాను కదా. ఎల్‌ఈఎస్ నమ్మదగినది కాదని కాదు. టనెల్‌లో 36 గాలి దిశలకి కొలతలు, మోడల్ తయారయ్యాక, ఒకట్రెండు రోజుల పని. ఎల్‌ఈఎస్‌లో ఒక్కో దిశ రోజులు తింటుంది. అందరూ మూడు నాలుగు దిశలు చేసి ఆపేస్తారు, ప్రమాదమేమో అయిదో దిశలో ఉంటుంది. చెన్నైలో ఉన్నారు, తరమణిలోని సీఎస్ఐఆర్-ఎస్ఈఆర్‌సీలో (నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం) బౌండరీ లేయర్ టనెల్ ఉంది. మీ సైట్ నుంచి అరగంట, ట్రాఫిక్ లేకపోతే. బెంగళూరు మిత్రుడొకరు "మా ఎన్ఏఎల్‌లో (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) పెద్ద టనెల్ ఉందిగా" అన్నారొకసారి. అది ట్రైసోనిక్, ధ్వని వేగానికి అటూ ఇటూ పోయే విమానాలకి, రాకెట్లకి. అపార్ట్‌మెంట్లు అంత వేగంగా పోవు.

సీఎఫ్‌డీ ఎక్కడ బలం అంటే, టనెల్‌కి వెళ్లే ముందు ఆకారాలు పోల్చడానికి. మూలలు చెక్కితే, గుండ్రం చేస్తే, మధ్యలో ఖాళీ అంతస్తు వదిలితే అడ్డదిశ లోడ్ ఎంత తగ్గుతుందో రెండు వారాల్లో చూడొచ్చు. ఆర్కిటెక్టు ఇంకా వినే దశలో ఉన్నప్పుడే అది ఉపయోగం. ఇంకోటి, పక్కన రాబోయే టవర్లు. ఫెర్రీబ్రిడ్జ్ గుర్తుందిగా. ఓఎంఆర్‌లో మీ పక్క ప్లాటు ఇవాళ ఖాళీ కావచ్చు, అయిదేళ్లలో అక్కడా ఇంత ఎత్తే లేస్తుంది. టనెల్ రిపోర్టులో "ప్రస్తుత పరిసరాలు" అని ఒక్కటే కేసు ఉంటే రెండో కేసు అడగండి. భూతలం కూడా అన్ని వైపులా ఒకటి కాదు. మీ సైట్‌కి తూర్పున బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత సముద్రం, ఆ దిశ దాదాపు బయలు. పడమర పళ్లికరణై చిత్తడి వైపు పడితే అదీ ఓ మేర బయలే. ఉత్తరాన ఊరు. అన్ని దిశలకీ మూడో రకం అని పెట్టేస్తే తూర్పు గాలిని తక్కువ చేసినట్టే, తుఫాను గాలి ఎక్కువగా వచ్చేదీ సముద్రం వైపు నుంచే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇప్పటిదాకా చెప్పిందంతా గాలి గంటసేపు ఒకే తీరుగా వీస్తుందన్న ఊహ మీద నిలబడింది. కాయ్‌మల్ స్పెక్ట్రమ్ 1968లో అమెరికాలోని కాన్సాస్ చదును పొలాల్లో కొలిచింది. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం వచ్చే ఉరుముల గాలివాన అలా ఉండదు. మేఘం నుంచి చల్లగాలి కిందికి దిగి నేలకి తగిలి పక్కలకి చిమ్ముతుంది, పది నిమిషాల్లో అయిపోతుంది, గరిష్ఠ వేగం ఎత్తులో కాక నేలకి దగ్గరగా, వంద మీటర్ల లోపే ఉంటుంది. 200 మీటర్ల టవర్‌కి పర్వాలేదు గానీ హోర్డింగులకి, రేకుల షెడ్లకి, లైన్ టవర్లకి చెరుపు చేసేది ఇదే. దానికి లాగ్ ప్రొఫైల్ (ఎత్తుతో క్రమంగా పెరిగే వేగం), స్థిరమైన స్పెక్ట్రమ్ పెట్టి అందమైన రికార్డులు తయారు చేసినా అది ఆ గాలి కాదు.

మీ సీనియర్‌కి ఎలా చెప్పాలి అని చివర్లో అడిగారు. వాదించకండి. 50తో చేసిన రన్‌లో అడ్డదిశ మూమెంట్ ఎంతో, టనెల్ రిపోర్టులో ఎంతో పక్కపక్కన రాసి ఒక పేజీ ఆయన టేబుల్ మీద పెట్టండి. అది చూశాక సంతకం పెట్టడానికి ఎవరూ తొందరపడరు.

ఖాళీ డొమైన్ రన్ అయ్యాక పైన చెప్పిన నాలుగు గ్రాఫులు ఇక్కడే పెట్టండి, వాడిన లెంగ్త్ స్కేలు, దారిలో సెల్ సైజు కూడా రాయండి. ఈ వారం కొంచెం పని ఒత్తిడి ఉంది, ఆదివారం చూసి చెబుతాను.